నాలుగు మూలల పసుపు

దలా,
2021 జూన్ 6

తమ్ముడు ఏడుకొండలుకు,

దీవెనలు చివర్లో రాస్తాను. ముందు నా కోపం కొంత తీరనివ్వు.

మా రేవులో నిలబడితే ఏటికి అవతల పట్నంలో మీ బోటాటౌంగ్ గొడౌన్ల రేకులు కనిపిస్తాయి. అయినా నీకు ఉత్తరం రాసుకోవాల్సి వస్తోంది. పెద్ద పడవ ఆగిపోయింది. ఫోన్లో మాట్లాడదామంటే, సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి రేవులో సిపాయిలు ఫోన్లు లాక్కుని ఎవరెవరితో ఏం మాట్లాడామో చూస్తున్నారు. చిన్నప్పుడు కోవెల బడిలో మాస్టారు కొట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. వీళ్ళలో తెలుగు చదివేవాడు లేడు. మొన్న మన ఉత్తరాలు మోసే సంపాను పడవ వీరన్నను ఆపి, ఈ కాగితం ఏమిటని అడిగారట. "అమ్మోరి సీటీ బాబూ, పసుపు సూడండి. మీరు ముట్టుకుంటే నాకు పాపం" అని బర్మా మాటల్లో చెప్పాడట. వదిలేశారు. కాబట్టి నువ్వూ కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టడం మరిచిపోకు. పసుపు లేని ఉత్తరం మన ఇళ్ళలో ఎప్పుడు రాస్తారో నీకు చెప్పక్కర్లేదు. నాన్న పోయినప్పుడు గంజాంలో ఉన్న చుట్టాలకు అలా రాసింది నువ్వే.

ఇక అసలు సంగతి. నీ కూతురు మల్లిక మార్చి నుంచి నా ఇంట్లో ఉంది. లైంగ్‌థార్యార్‌లో కుట్టు ఫ్యాక్టరీ ముందు సమ్మెలో కూర్చుని, అక్కడ కాల్పులు జరిగాక కూరగాయల బండిలో దాక్కుని ఇక్కడికి వచ్చింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఎలా ఉందని నువ్వు అడగలేదు. ఇన్ని నెలల్లో ఒక్క ముక్క రాయలేదు.

పోయిన నెల నా తెల్లపెట్ట గుడ్లు పొదిగింది. ఒకటి తప్ప అన్నీ పిల్లలయ్యాయి. ఆ ఒక్కటి పొద్దున్నే పెంకు పొడిచి, మధ్యాహ్నమైనా బయటికి రాలేదు. గుడ్డులోంచి పిల్లను మనం తీయకూడదు. సత్తువ ఉన్నది బయటపడుతుంది, లేనిది లోపలే పోతుంది. మన అమ్మ ఎన్నడూ పెంకు ఒలవలేదు, నేనూ ఒలవలేదు. నేను గుడ్లు అమ్ముకుని వచ్చేసరికి నీ కూతురు గోటితో పెంకంతా ఒలిచేసి, తడిపిల్లను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. "లోపల కొట్టుకుంటంది అత్తా, సూస్తూ ఎలా వొదిలీమంటావు?" అంది.

పిల్ల బతికింది గాని ఊపిరి సరిగా లేదు. ముక్కు రంధ్రాల్లో ఒకటి మూసుకుపోయి ఉంది. ఊపిరి తీసిన ప్రతిసారీ నోరు తెరుస్తుంది, తోక పైకీ కిందికీ ఊగుతుంది, గొంతులో గురగురమని చప్పుడు. వేలెడంత పిల్లకు ఎద్దంత గురక. పక్కింటి వెంకమ్మ గోడ అవతల నుంచి విని, "మీ ఇంటికి ముసిలోళ్ళెవురొచ్చినారు?" అని అడిగింది.

అది గురక తెగులైతే కొట్టంలో ఉన్నవన్నీ ఊడ్చుకుపోతాయి. మెడ తిప్పేద్దామన్నాను. నీ కూతురు దాన్ని ఒళ్ళో దాచుకుని, "దీన్ని సంపితే నానూ ఎల్లిపోతాను" అంది. ఎక్కడికి వెళుతుంది? నువ్వు రాయి దానికి. తండ్రి మాటైనా వింటుందేమో.

మరదలు కనకరత్నానికి నా దీవెనలు. నీకు సగం.

అక్క,
సింహాచలమ్మ


బోటాటౌంగ్,
2021 జూన్ 12

అక్కకు నమస్కారాలు.

నీ సగం దీవెన అందింది. మిగతా సగం నీ ఇంట్లో ఉన్నదానికే ఇవ్వు. నాకంటే దానికే అవసరం.

ఎలా ఉందని అడగలేదన్నావు. అడగడానికి ఏముంది? నేను ఫ్యాక్టరీకి పంపింది బట్టలు కుట్టడానికి, జెండా పట్టుకోవడానికి కాదు. వార్డు ఆఫీసు వాళ్ళు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి కూతురెక్కడ అని అడిగారు. రెండోసారి ఆ మాటే ఎత్తలేదు. గోనెసంచుల కట్టలన్నీ తట్టి చూసి, "ఊ ఏడుకొండలు, దుకాణం బాగా నడుస్తున్నట్టుందే" అని పేరుకు ముందు మర్యాదగా 'ఊ' తగిలించి మరీ నవ్వి వెళ్ళారు. మొదటిసారి కంటే నాకు అదే భయమేసింది. మన వాళ్ళంతా ఓడలెక్కి వెళ్ళిపోయిన రోజుల్లో నాన్న ఇక్కడే ఉండి, రేవులో చిరిగిన సంచులు ఏరి, అతుకులేసి, అమ్మి నిలబెట్టిన దుకాణం ఇది. నీ పెళ్ళి దీని మీదే జరిగింది, నా పెళ్ళీ దీని మీదే జరిగింది.

సాయంత్రం వీధిలో అందరూ గిన్నెలు వాయిస్తున్నారు, సైన్యం మీద కోపానికి. కనకరత్నం కూడా ఇత్తడి పళ్ళెం తీస్తుంది. నేను లాక్కుంటాను. మా కాపురం ఇలా ఉంది.

కోడిపిల్ల సంగతి నన్ను అడగడమేమిటి? జబ్బుదాన్ని తీసేస్తేనే మంద నిలుస్తుందని నాకు నేర్పింది నువ్వు. నేను ఏడిస్తే నెత్తిన మొట్టావు కూడా. తీసెయ్. ఒకదాని కోసం అన్నిటినీ పోగొట్టుకోవడం తెలివి కాదు. దానికి నేను విడిగా ఏమీ రాయను. ఈ మాట నేనన్నానని చెప్పు.

ఏడుకొండలు


దలా,
2021 జూన్ 25

ఏడుకొండలూ,

తమ్ముడు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మొన్న రేవు దగ్గర టీ కొట్టుకు గుడ్లు ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న వాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. కొట్టు ఆవిడ పేపరు ఒకటి మడిచి నా బుట్టలో పెట్టి, ఇంటికెళ్ళి చదివించుకోమంది. నాకు బర్మా చదువు రాదు కదా. మల్లిక చేతికిచ్చాను. నా బుద్ధి తక్కువ.

నిలబడే చదివింది. ముందు బర్మాలో, తర్వాత నా కోసం తెలుగులో. "బోటాటౌంగ్ వాసులు ఊ ఏడుకొండలు, దో కనకరత్నం దంపతుల కూతురు మ మల్లిక తల్లిదండ్రుల మాట మీరి నడుచుకుంటున్నందున ఈ రోజు నుంచి ఆమెకూ మాకూ ఏ సంబంధమూ లేదు. ఆమె చేసే పనులకు మేము బాధ్యులం కాము." చదువుతుంటే దాని గొంతు మారలేదు. "నా పేరులో తప్పు నేదు అత్తా, అదొక్కటీ మేలు" అంది. పేపరు మడిచి పక్కన పెట్టి, కోడిపిల్లకు మేత కలపడానికి వెళ్ళింది.

ఊరంతా చదివాక నాకు తెలియాలా? జూన్ 12న నాకు ఉత్తరం రాసే నాటికి నువ్వు ఆ కాగితం పేపరు వాళ్ళకు ఇచ్చే ఉంటావు. అయినా నాతో మందల గురించీ తెలివి గురించీ మాట్లాడావు. కనకరత్నం పేరు కూడా వేయించావు. దానికి బర్మా అక్షరం ముక్క రాదు. ఎందులో సంతకం పెడుతోందో తెలిసే పెట్టిందా?

నువ్వు తీసెయ్యమన్నావు గనక ఆ పిల్లను ఇక తీయను. ఇది పట్టుదలే అనుకో. దాన్ని వేరే బుట్టలో పెట్టి నేనే చూస్తున్నాను. మల్లిక దానికి పొడి తవుడు పెడుతోంది. పొడి ఉన్న ఆ ఒక్క ముక్కులోకి పోతే ఇంకేముంది? నేను గంజిలో నూక ఉడికించి ముద్ద చేసి, చిప్పను ఇటుక మీద పెట్టాను. మెడ చాచి తింటే గొంతులో అడ్డుపడదు. తిన్నాక కాసేపు నిటారుగా పట్టుకోవాలి, లేకపోతే తిన్నదంతా కక్కుతుంది. పొయ్యి పొగ తగిలితే కళ్ళు తేలేస్తుంది. దాని కోసం ఈ వానలో పొయ్యి వెనక పంచలోకి మార్చాను. గొడుగు పట్టుకుని అన్నం వండుతున్నాను. నా ఖర్మ.

నీకు దీవెనలు లేవు.

సింహాచలమ్మ


బోటాటౌంగ్,
2021 జూలై 3

అక్కకు,

తిట్టావు. తిట్టు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఈత బాగానే చెబుతారు.

పోయిన నెల మా వీధి చివర లింగరాజు కొడుకు కోసం సిపాయిలు వచ్చారు. కొడుకు దొరకలేదు. లింగరాజు పెళ్ళాన్ని ఎక్కించుకుపోయారు. షుగరు మనిషి, మాత్రలు కూడా తీసుకోనివ్వలేదు. ఇంటికి సీలు వేశారు. లింగరాజు ఇప్పుడు కోవెల అరుగు మీద పడుకుంటున్నాడు. ఆ మర్నాడే నేను పేపరు ఆఫీసుకు వెళ్ళాను. నీకు ఎందుకు చెప్పాలి? చెబితే వద్దంటావు. నువ్వు వద్దన్నాక రేపు కనకరత్నాన్ని ఎక్కించుకుపోతే నువ్వొచ్చి విడిపిస్తావా?

పేపరులో మాట పేపరుకే. ఇక్కడ ఎందరో వేయిస్తున్నారు. వేయించిన వాళ్ళంతా పిల్లల్ని చంపుకున్నట్టా? ఇంత చదివింది, ఆ మాత్రం దానికి తెలియదా?

సంతకం సంగతి అడిగావు. రేషను కాగితమని చెప్పి పెట్టించాను. ఇప్పుడు తెలిసింది దానికి. వండుతుంది, వడ్డిస్తుంది, తన కంచం తీసుకుని గోడ వైపు తిరిగి తింటుంది. నన్ను ఇంట్లో తిట్టేవాళ్ళు లేరనా, నువ్వు ఏరు దాటించి మరీ పంపుతున్నావు?

ఊళ్ళో జ్వరాలు ఎక్కువయ్యాయి. ఆక్సిజన్ సిలిండర్లు మోసుకుంటూ జనం వరసల్లో నిలబడుతున్నారు. బయట తిరగకు. కోళ్ళకు గొడుగు పట్టడం మాని నీ ఒళ్ళు చూసుకో.

ఏడుకొండలు


దలా,
2021 జూలై 13

ఏడుకొండలుకు,

లింగరాజు పెళ్ళాం సంగతి చదివి నాకూ నిద్ర పట్టలేదు. నువ్వు భయపడ్డావు. అది నాకు అర్థమవుతుంది. భయపడినవాడు నాకు భయమేస్తోంది అని చెప్పాలి. తెలివి అని చెప్పకూడదు.

కోడిపిల్ల విషయంలో నేను పొరబడ్డాను. తెగులు కాదు. తెగులైతే ఈపాటికి కొట్టంలో ఇంకోదానికి రావాలి. కళ్ళు వాయాలి, ముక్కు కారాలి. ఏదీ లేదు. పుట్టుకే అంత. పెంకులో ఎక్కువసేపు ఇరుక్కోవడం వల్ల ముక్కులో ఏదో గట్టిపడి ఉంటుంది. మల్లిక ఈకను సన్నగా చెక్కి, పసుపు కలిపిన నూనెలో ముంచి పొద్దునా సాయంత్రం ఆ రంధ్రం దగ్గర తుడుస్తోంది. కొంచెం తెరుచుకున్నట్టే ఉంది. గురక మాత్రం పోలేదు. పడుకునేటప్పుడు తల వాలిపోతే ఊపిరి అందదు. మల్లిక గుడ్డ చుట్టి దిండులా పెట్టింది. కోడికి దిండు! వెంకమ్మ చూసి, "రేపు దానికి పెళ్ళి కూడా సేసీ" అని నవ్వింది. ఈ నాలుగు నెలల్లో మల్లిక నవ్వడం అప్పుడే చూశాను. ఈకలు వస్తున్నాయి, మెడ మీద ఎర్రగా. పుంజే అవుతుంది.

ఆ మాత్రం తెలియదా అన్నావు. దానికి తెలుసు, కుట్టు ఫ్యాక్టరీలో దానితో కూర్చున్న ఇద్దరి తండ్రులు కూడా అలాగే వేయించారట. తెలిసినంత మాత్రాన నొప్పి ఉండదా? నీ చేత్తో రెండు ముక్కలు రాయి. పేపరు పేపరుకే అన్న ఆ మాటే రాయి. నేను చదివి వినిపిస్తే నమ్మడం లేదు. "నువ్వు కలిపి సదువుతున్నావు అత్తా" అంటోంది.

సింహాచలమ్మ


బోటాటౌంగ్,
2021 జూలై 17

అక్కకు,

రాయను. రాసిన కాగితం దాని దగ్గర దొరికితే పేపరులో వేయించినదంతా వృథా. ఇంత చెప్పినా నీకు ఎక్కదు.

పైగా ఏమని రాయను? మొదలు ఎలా పెట్టాలి? కూర్చుని చూశాను. రెండు కాగితాలు పాడయ్యాయి.

కోళ్ళ గురించి రాయడం ఆపు. ఇక్కడ మనుషులకే ఊపిరి అందడం లేదు.

ఏడుకొండలు


దలా,
2021 జూలై 23

ఏడుకొండలుకు,

మూలలకు పసుపు లేదని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. పసుపు అయిపోయింది, అంతే. ఆఖరి చిటికెడు మల్లిక కోడిపిల్ల నూనెలో కలిపేసింది. కొనుక్కుందామంటే నన్ను గుమ్మం దాటనివ్వరు. వెంకమ్మను అడిగితే ఈ జ్వరాలకు ఊరంతా పసుపు నీళ్ళే తాగుతున్నారట, కొట్లలో లేదంది. ఈ మాట నీకు నోటితో చెప్పమని వీరన్నకు గోడ ఇవతల నుంచి కేకేశాను. వాడు దూరంగా నిలబడి ఉత్తరం విసరమన్నాడు. వానలో విన్నాడో లేదో.

మంగళవారం సిపాయిలు వచ్చారు. ఇంట్లో కొత్తవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడాలట. మల్లికకు బయటికి పోయే దారి లేదు. నీ దుకాణం గోనెసంచులు కుట్టి మధ్య గదికి తెర కట్టాను, గుర్తుందా? ఆ వెనక కూర్చుంది, ఒళ్ళో కోడిపిల్ల. ఒకడు బియ్యం డబ్బాలు చూశాడు. ఇంకొకడు వచ్చి తెర మీద చెయ్యి వేశాడు. మల్లిక ఊపిరి బిగపట్టింది. కోడిపిల్ల బిగపడుతుందా? గురగుర, గురగుర, మధ్యలో ఆగి, మళ్ళీ గురగుర.

"కలామా, లోపలెవరు?" అన్నాడు, మన ఆడవాళ్ళను వాళ్ళు ఈసడించి పిలిచే మాటతోనే.

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "మా ఆడబడుచు బాబూ. జొరం తగిలి మంచం దిగనేదు. ఊపిరాడతం నేదు. సూస్తారా?" అన్నాను.

చెయ్యి తీసేశాడు. తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. డబ్బాలు చూసేవాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. వెళుతూ వెళుతూ గేటుకు ఎర్ర తాడు కట్టించి, ఈ ఇంట్లోకి ఎవరూ వెళ్ళకూడదు, బయటికి ఎవరూ రాకూడదు అని చెప్పిపోయారు.

వాళ్ళు వెళ్ళాక తెర తీశాను. మల్లిక పిల్లను రెండు చేతులతో ఎత్తి మొహానికి ఆనించుకుని ఉంది. మెడ తిప్పేద్దామన్నది నేను. తీసెయ్యమన్నది నువ్వు. మన ఇద్దరిలో ఎవరి మాట చెల్లినా ఈ ఉత్తరం ఇంకోలా రాసేదాన్ని.

కనకరత్నానికి చెప్పు, పిల్ల క్షేమమని. కోడిపిల్ల కాదు, మన పిల్ల.

అక్క


బోటాటౌంగ్,
2021 జూలై 27

అక్కా,

పసుపు లేని ఉత్తరం వచ్చింది.

వీరన్న దాన్ని మొలలో దాచి తెచ్చాడు. నా చేతికివ్వలేదు, మెట్టు మీద పెట్టి నా మొహం చూడకుండా, "అక్క ఇంటికి తాడు కట్టీసినారన్నా. లోపల మనిషి ఊపిరందక గురగురమంటందట. ఈది ఈదంతా ఇన్నారు" అని వెళ్ళిపోయాడు. నాలుగు మూలలూ చూశాను. తిప్పి కూడా చూశాను. విప్పలేదు. అశుభం కాగితం ఇంట్లో ఉంచకూడదు. బోటాటౌంగ్ గట్టుకు తీసుకుపోయి చింపి ఏట్లో వేశాను. విప్పితే నువ్వు రాసింది చదవాలి. నేను చదవలేను.

నీకు బుద్ధి ఉందా? అంత కష్టంగా ఉంటే ముందు కబురు పంపలేవా? కోళ్ళకు దిండ్లు పెట్టిన సంగతి పేజీలు పేజీలు రాశావు, దానికి జ్వరమని ఒక్క ముక్క రాయలేకపోయావా? సిలిండరు తెచ్చేవాణ్ణి. దుకాణం తెగనమ్మి తెచ్చేవాణ్ణి. నా మీద కోపం దాని ప్రాణం మీద తీర్చుకున్నావు.

కనకరత్నాన్ని తీసుకుని వార్డు ఆఫీసుకు వెళ్ళాను. కూతురు పోయింది, రాసుకోమన్నాను. గుమాస్తా కాగితాలు తిరగేసి, "మీకు కూతురు లేదు కదా ఊ ఏడుకొండలు, మీరే పేపర్లో వేశారు" అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. "ఉంది. మల్లిక. నాకొక్కతే. సచ్చిపోనాది, రాసుకో" అన్నాను. బర్మాలోనే మొదలుపెట్టాను, తెలుగులో అరిచానని కనకరత్నం చెప్పింది. ఎక్కడ పోయిందన్నారు. తెలియదన్నాను. తెలియకుండా పోయిందని ఎలా తెలుసన్నారు. బల్ల మీద ఉన్నది ఎత్తి విసిరాను. సిరా బుడ్డో టీ కప్పో గుర్తులేదు. ఆఖరికి రాసుకున్నారు. ముద్ర వేశారు. సాయంత్రం వచ్చి, పేపరుకు అబద్ధం చెప్పానని దుకాణానికి సీలు వేశారు. వేసుకోనీ.

గట్టున వానలో కూర్చుని గోత్రం చెప్పి, పేరు చెప్పి, నువ్వులూ నీళ్ళూ వదిలాను. ముమ్మారు పేరు చెప్పమన్నారు పంతులుగారు. ముమ్మారూ చెప్పాను.

నువ్వు ఇక రాయకు.

ఏడుకొండలు


దలా,
2021 జూలై 30

ఏడుకొండలూ,

పైన బొగ్గుతో పెద్ద అక్షరాలు రాశాను, కనిపించాయా? మల్లిక బతికే ఉంది. దానికి జ్వరం రాలేదు, దగ్గు రాలేదు. గురగురమన్నది కోడిపిల్ల. నీ తలకాయ.

నువ్వు చింపి ఏట్లో వేసిన ఉత్తరంలో ఇదంతా రాశాను. సిపాయిలు వచ్చారు, తెర వెనక కోడిపిల్ల గురక విని జబ్బు మనిషి అనుకుని వెనక్కి పోయారు, తాడు కట్టారు, నాకు పసుపు దొరకలేదు. అంతే జరిగింది. మొదట్లోనే ఎవరికీ ఏమీ కాలేదని రాశాను. ఒక్క మడత విప్పితే సరిపోయేది. కూతురు సమ్మెలో తుపాకుల ముందు కూర్చుంది, తండ్రికి కాగితం విప్పే ధైర్యం లేదు. నన్ను బుద్ధి ఉందా అని అడుగుతావా? నా మీద అంత మాట ఎలా రాయగలిగావు? దాన్ని చచ్చిపోనిస్తానా నేను?

నీ ఉత్తరం మల్లికకు చదివి వినిపించాను. ఆఫీసు ముక్క మళ్ళీ చదవమంది. చదివాను. సిరా బుడ్డి దగ్గర, "టీ కప్పే అయ్యుంటది. ఆ గుమాస్తా దగ్గర సిరా ఎక్కడిది?" అంది. పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, "అయితే నానిప్పుడు సంబంధం నేనిదాన్నా, సచ్చిపోయినదాన్నా? ఏదో ఒకటి తేల్సమను అత్తా" అంది.

తేల్చాల్సింది ఇంకోటి ఉంది. బతికున్నదానికి నీళ్ళు వదిలావు. మా కోవెల పెద్ద అప్పారావుగారిని గోడ ఇవతల నుంచే అడిగాను. ఆయన తలకొట్టుకున్నాడు. నీళ్ళు వదిలిన మనిషి తిరిగి గడప తొక్కాలంటే మళ్ళీ పుట్టినట్టే చెయ్యాలట. తలంటి పోయాలి, బారసాల చెయ్యాలి, కన్న తండ్రి చెవిలో పేరు చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఈ పేరుతో మాకు సంబంధం లేదని వేయించినవాడే వచ్చి చెప్పాలి. నేను కోరింది కాదు, శాస్త్రం అంది.

అది ఒప్పుకుంటుందని నేను మాటివ్వడం లేదు.

సింహాచలమ్మ


బోటాటౌంగ్,
2021 ఆగస్టు 3

అక్కా,

బొగ్గు అక్షరాలు చూశాను. మెట్టు మీదే కూర్చుని చదివాను.

కనకరత్నానికి చెప్పాను. లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చి, మిట్టమధ్యాహ్నం వీధి గుమ్మంలో నిలబడి వాయించింది. గరిటె వంగిపోయేదాకా వాయించింది. చావు ఇంట్లో ఇదేమిటని వీధంతా చూసింది. కూతురు పోయి మతి చెడిందనుకున్నారు. అనుకోనీ. నేను లాక్కోలేదు.

ఆఫీసులో రాసింది దిద్దించడానికి వెళ్ళను. చచ్చినట్టే ఉండనీ. చచ్చినదాన్ని వెతుక్కుంటూ ఎవరూ రారు. ఇది ముందే తోచి ఉంటే పేపరు ఆఫీసుకు పోయేవాణ్ణి కాదు. తోచలేదు. నాకు తోచింది ఆ పేపరు ఒక్కటే. దుకాణం సీలు తీయరట. సంచులు లోపల ఎలుకలు కొట్టేస్తున్నాయి, బయట నిలబడితే వినిపిస్తోంది.

తాడు తీశాక చెప్పు, వస్తాను. పేరు చెబుతాను. అది నాతో మాట్లాడకపోయినా సరే, చెప్పి వచ్చేస్తాను.

నీ మీద రాసిన మాటలకు నువ్వేం తిట్టుకుంటావో తిట్టుకో.

ఏడుకొండలు


దలా,
2021 ఆగస్టు 9

తమ్ముడు ఏడుకొండలుకు,

దీనికీ పసుపు లేదు. వీరన్న రొయ్యల బుట్ట అడుగున పెట్టి తెస్తాడు, వాసన భరించు.

తాడు నిన్న విప్పారు. ఆడబడుచు ఏమైందని అడిగారు. కోలుకుని వాళ్ళ ఊరు పోయిందన్నాను. రాసుకుపోయారు. ఈ దేశంలో ఏది చెబితే అది రాసుకుంటారు, నిజం ఒక్కటి తప్ప.

మల్లికకు నీ ఉత్తరం చదివాను. పళ్ళెం ముక్క దగ్గర ఏడ్చింది, నీ ముక్క దగ్గర కాదు. తర్వాత ఒక మాట చెప్పింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "సెవిలో సెబితే నాకొక్కదానికే ఇనిపిస్తది. పేపర్లో ఊరందరికీ సెప్పినాడు కదా. గట్టిగా సెప్పమను. గోడవతల ఎంకమ్మకి ఇనిపించాల." రేవులో అరవమనడం లేదు, ఆ మాత్రం బుద్ధి దానికి ఉంది. వెంకమ్మ మన మనిషే, నోరు జారదు. అప్పారావుగారిని అడిగాను, గట్టిగా చెప్పకూడదని ఎక్కడా లేదన్నాడు.

క్షమించిందని అనుకోకు. క్షమించే మాట దాని నోట రాలేదు, నేనూ అడగలేదు. నువ్వు వచ్చిన రోజు ఇంట్లోనే ఉంటానంది. అంతవరకే.

పుంజు నిన్నటి నుంచి కూయడం నేర్చుకుంటోంది. మెడ చాచి మొదలుపెడుతుంది, సగంలో ఊపిరి అయిపోతుంది, నోరు తెరుచుకుని నిలబడుతుంది, గురగురమంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. వెనక వీధి వరకు వినిపిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. మల్లిక మాత్రం పని ఆపి, అది మళ్ళీ మొదలుపెట్టేదాకా నిలబడి చూస్తుంది.

ఆదివారం పొద్దున్నే కనకరత్నాన్ని తీసుకుని రా. తలంటుకు నూనె ఇక్కడ ఉంది. దీవెన సంగతి నువ్వు పేరు చెప్పాక చూద్దాం.

వచ్చేటప్పుడు పసుపు తే. ఎక్కువే తే, పుంజు ముక్కుకు కూడా కావాలి.

అక్క,
సింహాచలమ్మ